వెట్టి బతుకుకు రికార్డు లేదన్న వాదం: ఒక ఖండన

తెలంగాణ చరిత్రపై జరిగే సభల్లోనూ, అచ్చయ్యే పుస్తకాల ముందుమాటల్లోనూ, పరిశోధనాంశం వెతుక్కునే విద్యార్థికి పెద్దలిచ్చే సలహాల్లోనూ ఒక అభిప్రాయం చాలాకాలంగా సిద్ధాంతమంత గట్టిగా నిలిచిపోయింది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో తరతరాలుగా గడీల కింద నలిగినవారి జీవితాల గురించి ప్రభుత్వ దఫ్తర్లలో ఏమీ దొరకదని, దొరికినా అది దొరలు, సర్కారు తమకోసం రాసుకున్న రాత గనుక నమ్మదగినది కాదని, కాబట్టి ఆ చరిత్రకు ముసలివాళ్ల జ్ఞాపకం, పాట, కథ మాత్రమే ఆధారమని ఆ అభిప్రాయం చెబుతుంది.

ఈ వాదాన్ని దాని బలంతో సహా ముందు చెప్పుకోవాలి. నిజాం రాజ్యంలో ఊరి లెక్కలు రాసినవాడు పట్వారీ, ఊరి శాంతిభద్రతలు చూసినవాడు పోలీస్ పటేల్, శిస్తు వసూలు చేసినవాడు మాలి పటేల్. ఈ ముగ్గురూ వెట్టి చేయించుకున్న పక్షానివారే గాని చేసిన పక్షానివారు కారు. దఫ్తరు భాష మొదట ఫారసీ, 1880ల మధ్య నుంచి ఉర్దూ. వెట్టి చేసినవాడిది తెలుగు, గోండి, కొలామి, మరాఠీ. రాత రానివాడి మాట రాత వచ్చినవాడి చేతిలో పడి ఏమవుతుందో అందరికీ తెలుసు. పైగా ప్రభుత్వం లెక్క పెట్టుకున్నది భూమిని, పంటను, శిస్తును. మనిషి ఆ లెక్కలోకి వచ్చింది పన్ను కట్టేవాడిగానో నేరం చేసినవాడిగానో మాత్రమే. ఇవన్నీ నిజాలు. అయితే ఈ నిజాల నుంచి ‘దఫ్తరుకు వెళ్లనవసరం లేదు’ అనే తీర్పుకు దూకడంలోనే తర్కం తెగిపోయింది. ఆ తెగిన చోట్లను ఒక్కొక్కటిగా చూపడమే ఈ వ్యాసం పని.

వాదంలోకి వెళ్లేముందు మూడు స్థితులను విడదీసి చెప్పాలి, ఎందుకంటే వాటిని ‘వెట్టిచాకిరి’ అనే ఒకే సంచిలో వేయడం వల్లనే సగం గందరగోళం పుట్టింది. వెట్టి అంటే కులాన్ని బట్టి, ఊళ్లో స్థానాన్ని బట్టి కూలి లేకుండా చేయవలసి వచ్చిన పని: మాల మాదిగ ఇళ్ల నుంచి మనిషిని పంపడం, కుమ్మరి కుండలివ్వడం, గౌండ్లవాడు కల్లు పోయడం, చాకలి మంగలి గడీకి చాకిరి చేయడం, పర్యటనకు వచ్చిన అధికారి సామాను మోయడం. భగేలా అంటే అప్పుకు బదులుగా మనిషి తన శ్రమనే తాకట్టు పెట్టడం. పెళ్లికో కరువుకో తీసుకున్న చిన్న మొత్తానికి గింజల కూలి మీద ఏళ్ల తరబడి పని చేయడం, వడ్డీ తరగక ఆ అప్పు కొడుకు మెడకు చుట్టుకోవడం దీని నడక. ఆడబాప అంటే దొర ఇంటి ఆడపిల్ల అత్తవారింటికి వెళ్లేటప్పుడు వెంట పంపిన దాసి. ఆమె శరీరం మీద ఆ ఇంటి మగవాళ్లకు హక్కున్నట్టే వ్యవహారం జరిగేది. ఈ మూడు బంధనాలు వేర్వేరు యంత్రాలతో నడిచాయి, కాబట్టి అవి వదిలిన జాడలు కూడా వేర్వేరు చోట్ల ఉంటాయి.

1. అప్పుకు కాగితం తప్పదు

‘రాత లేదు’ అనే మొదటి ప్రతిపాదన భగేలా విషయంలో ఆ వ్యవస్థ స్వభావానికే విరుద్ధం. మనిషిని యుద్ధంలో పట్టి తెచ్చినప్పుడో పుట్టుకతో దాసుడిగా ఎంచినప్పుడో కాగితం అవసరం లేకపోవచ్చు. అప్పుతో కట్టినప్పుడు మాత్రం కాగితమే కట్టుతాడు. ఎంత తీసుకున్నాడు, ఎంత తీరింది, నాగు ఎంత పెరిగింది అనేది (నాగు అంటే గింజల మీద గింజల్లోనే వేసే వడ్డీ) దొర ఇంట్లోనో షావుకారు దుకాణంలోనో ఖాతా పుస్తకంలో ఉండేది. వేలిముద్ర వేసిన పత్రం పెట్టెలో ఉండేది. చదువురాని మనిషి మీద ఆ పత్రానికున్న అధికారం అంతా అది రాతలో ఉండటం వల్ల, ఆ రాత అతనికి అందకపోవడం వల్ల వచ్చిందే. అంటే భగేలా రాతకు బయట బతికిన మనిషి కాడు, రాతతో బంధించబడిన మనిషి. అతని చరిత్రకు రాత ఆధారం లేదనడం అతన్ని కట్టిన తాడునే లేదనడం.

రాజ్యం కూడా ఈ విషయంలో నోరు మూసుకుని కూర్చోలేదు. ఎస్. కేశవ అయ్యంగార్ 1929-30లో హైదరాబాద్ రాజ్యంలో జరిపిన ఆర్థిక పరిశీలనలు, 1937లో ఎస్.ఎం. భరూచా వ్యవసాయ ఋణభారంపై ఇచ్చిన నివేదిక, 1943 నాటి హైదరాబాద్ భగేలా ఒప్పందాల నిబంధన, మళ్లీ కేశవ అయ్యంగారే 1949-51 మధ్య చేసిన గ్రామీణ ఆర్థిక విచారణలు వరుసగా పెట్టి చూస్తే, అప్పు వల్ల మనిషి పడే బానిసత్వం ఇరవై ఏళ్లకు పైగా ప్రభుత్వ కాగితాల్లో నలిగిన సమస్య అని తేలుతుంది. నిబంధన అనేది ఒక రోజు సంతకంతో పుట్టేది కాదు. దాని వెనుక శాఖల అభిప్రాయాలు, జిల్లా తాలూక్‌దార్లకు (నిజాం పాలనలో కలెక్టరు స్థాయి అధికారికి తాలూక్‌దారని పేరు) పంపిన ప్రశ్నలు, వాళ్లిచ్చిన జవాబులు ఉంటాయి. దాని తర్వాత అమలు గురించిన ఉత్తరప్రత్యుత్తరాలు ఉంటాయి. అచ్చయిన చట్టం ఒక్క పేజీ చదివి, దాని వెనుకనున్న మిసల్‌ను, అంటే ఒక వ్యవహారానికి సంబంధించిన కాగితాల కట్టను, విప్పకుండానే ‘ప్రభుత్వం దీన్ని పట్టించుకోలేదు, రాయలేదు’ అనడం పరిశోధన కాదు.

దీనికి ఒక ప్రతివాదం ఉంది: ఈ నివేదికలు సగటు లెక్కలనిస్తాయే గాని మనిషిని ఇవ్వవని. నిజమే. కాని సగటు ఆకాశం నుంచి ఊడిపడదు. ఒక ఊరు, ఒక ఇల్లు, ఒక అప్పు అడిగి రాసుకున్నాకే సగటు వస్తుంది. అచ్చు నివేదిక గుమ్మం మాత్రమే. గుమ్మం దగ్గర నిలబడి ఇల్లు ఖాళీ అని చెప్పడం తొందరపాటు.

కూలి లేని వెట్టి కూడా కాగితం వదలకుండా పోలేదు. అధికారి పర్యటనకు సర్కారు భత్యం ఇస్తుంది. ఆ భత్యంలో బండ్లకు, మోతగాళ్లకు, కట్టెలకు, పాలకు ఖర్చు చూపించాలి. ఒకపక్క ఖర్చు రాసిన బిల్లు, మరోపక్క కూలి ముట్టలేదన్న ఫిర్యాదు దొరికితే ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీయే వెట్టి. ఆ ఖాళీని కొలవడానికి రెండు కాగితాలూ కావాలి.

2. వెతకని చోటును ఖాళీ చోటు అనడం

‘వెతికాం, దొరకలేదు’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఎక్కడ వెతికారు, ఏ పేరుతో వెతికారు అన్న ప్రశ్నకు మాత్రం జవాబు అరుదుగా దొరుకుతుంది. నిజాం దివాను సాలార్‌జంగ్ చేసిన జిల్లాబందీ, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విభజించిన ఏర్పాటు, తర్వాత ఏర్పడిన జిల్లా పేరు ఎలగందల. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారాకే ఆ పేరు వచ్చింది. ఆదిలాబాద్‌కు ముందున్నది సిర్పూర్-తాండూర్. అంతకు ముందు కాలపు సూచికలో ‘కరీంనగర్’, ‘ఆదిలాబాద్’ అని వెతికినవాడికి ఏమీ కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. తేదీలు ఫస్లీలో ఉంటాయి. నిజాం రాజ్యపు ఫస్లీ అక్టోబరులో మొదలవుతుంది, దానికి 590 కలిపితే క్రీస్తు శకం దగ్గరికి వస్తుంది గనుక 1353 ఫస్లీ అంటే 1943-44. ఒక ఏడాది అటూఇటూ అయితే భగేలా నిబంధనకు ముందు కాగితం తర్వాతి కాగితంగా మారిపోతుంది.

ఇక శాఖల చిక్కు. దఫ్తరులో ‘వెట్టి’ అనే అర ఒకటి ఉండదు. రాజ్యం పనుల ప్రకారమే కాగితాలు కట్టలు కట్టింది: మాల్ అంటే రెవెన్యూ, అదాలత్ అంటే న్యాయం, కొత్వాలీ అంటే పోలీసు, జంగ్లాత్ అంటే అడవులు. అటవీ శాఖ కూపుల్లో కూలి లేకుండా కర్ర మోసిన కొలాం ఆదివాసీ జాడ జంగ్లాత్ కట్టలో వెతకాలి. పారిపోయిన జీతగాడిపై దొర పెట్టిన దొంగతనం కేసు కొత్వాలీలో వెతకాలి. మైనరు దేశ్‌ముఖ్ ఆస్తిని సర్కారు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కింద నడిపినప్పుడు ఇంటి నౌకర్ల తిండికి, బట్టకు ఎంత పోయిందో ఆ జమాఖర్చుల్లో వెతకాలి. ఆడబాప పేరు చరిత్ర పుస్తకంలో కనిపించకపోవచ్చు. చీరల ఖర్చు పద్దులో ఆమె ఉనికి కనిపించే అవకాశం ఎక్కువ. రాజ్యంలో పెద్ద భాగం దివాని ఇలాకా, అంటే సర్కారు నేరుగా ఏలిన భూమి, కానే కాదు. నవాబులకూ పెద్దలకూ ఇచ్చిన జాగీర్లు, పాయిగాలు, మక్తాలు తమ దఫ్తర్లు తామే నడుపుకున్నాయి, 1949లో జాగీర్ల రద్దుతో వాటి పాలన సర్కారులో కలిసింది. ఊరు ఏ ఇలాకాలో ఉండేదో తెలియకుండా ఆ ఊరి కాగితం కోసం వెళ్లడం వృథా ప్రయాణం. 1956లో రాజురా, కిన్వట్ ప్రాంతాలు ఆదిలాబాద్ నుంచి విడిపోయి నాటి బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లాయి. అక్కడి గోండుల గతం కోసం నేటి మహారాష్ట్ర వైపూ చూడక తప్పదు.

హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘలుల కాలం నుంచి నిజాంల చివరి రోజుల దాకా ఫారసీ, ఉర్దూ కాగితాలున్నాయి. బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దర్బారుపై నిఘా ఉంచిన ఆంగ్ల ప్రతినిధి కార్యాలయం, నడిపిన ఉత్తరప్రత్యుత్తరాలు ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లోనూ లండన్ బ్రిటిష్ లైబ్రరీలోనూ ఉన్నాయి. 1948 తర్వాత ఉర్దూ పాలనాభాషగా పోయింది. ఆ తర్వాతి తరం పరిశోధకులకు దఫ్తరు రాత, ముఖ్యంగా షికస్తా అనే గొలుసుకట్టు లిపి, చదవడం రాకుండా పోయింది. చదవలేని తనాన్ని కాగితం మౌనంగా చెప్పుకోవడం ఈ వాదంలోని అతి పెద్ద పొరపాటు. మూగది దఫ్తరు కాదు, దాని ముందు కూర్చున్నవాడికే ఆ భాష రాదు.

3. రాసినవాడు శత్రువైతే రాత పనికిరాదా

రెండో ప్రతిపాదన మొదటిదానికన్నా లోతైనది: కాగితం ఉన్నా అది దొరది, సర్కారుది, అందులో వెట్టివాడి గొంతు ఉండదు. ఈ మాటలో కనిపించని ఊహ ఒకటి ఉంది. రాసినవాడు ఏ ఉద్దేశంతో రాశాడో రాతలో అంతే ఉంటుందనేదే ఆ ఊహ. అది తప్పు. పారిపోయిన జీతగాడిపై ఫిర్యాదు రాయించిన దొర ఉద్దేశం మనిషిని తిరిగి తెప్పించుకోవడం. కాని ఆ ఫిర్యాదు నిలబడాలంటే మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, అప్పు మొత్తం, ఎన్నేళ్లుగా పని చేస్తున్నాడు, ఏ దిక్కుకు పోయాడు అన్నీ చెప్పక తప్పదు. తన హక్కు రుజువు చేసుకోబోయి దొర తన నేరానికి సాక్ష్యమిచ్చాడు. పారిపోవడం అనే చర్య కూడా ఆ కాగితంలో ఉంది. బంధితుడు తన బతుకు గురించి తాను తీసుకున్న నిర్ణయం అది. గొంతు అంటే మాట మాత్రమే కాదు, చేసిన పని కూడా.

వాంగ్మూలాల విషయం మరింత జాగ్రత్తగా చూడాలి. ఉట్నూరు వైపు గోండు ఒకడు అమీన్, అంటే పోలీసు అధికారి, ముందు సాక్ష్యం చెప్పాడనుకుందాం. అతను గోండిలో చెప్పినదాన్ని మధ్యవర్తి ఒకడు తెలుగులోనో మరాఠీలోనో చెబుతాడు. గుమాస్తా దాన్ని ఉర్దూలో ఇజ్‌హార్‌గా, అంటే వాంగ్మూలంగా, రాస్తాడు. విషయం పెద్దదై రెసిడెన్సీ దాకా వెళితే ఇంగ్లీషులో నాలుగు వాక్యాల సారాంశం అవుతుంది. నాలుగు చేతులు మారిన మాట అసలు మాట కాదన్నది నిజం. అయితే ఈ నాలుగు పొరలూ ఒకదానికొకటి అతుక్కుపోవు. అతుకు దగ్గర పగులు కనిపిస్తుంది. ఉర్దూ వాక్యం మధ్యలో తర్జుమా కాకుండా నిలిచిన ఒక తెలుగు మాట, ప్రశ్నకు పొంతన లేని జవాబు, ఇద్దరు సాక్షులు ఒకే సంగతిని వేర్వేరు క్రమంలో చెప్పడం, గుమాస్తా కొట్టేసి మళ్లీ రాసిన చోటు: చదివేవాడి అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ‘వక్రీకరణ జరిగింది’ అని తెలుసుకోవడం పని ముగింపు కాదు. ఏ దిక్కుకు, ఎంత, ఎవరి లాభం కోసం వంగిందో తేల్చడం పని.

ఇది కేవలం ఆశ కాదు, చేసి చూపిన పద్ధతి. చరిత్రకారుడు రణజిత్ గుహా 1987లో ప్రచురించిన ‘చంద్రాస్ డెత్’ అనే వ్యాసం 1849లో బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలో గర్భస్రావం వల్ల చనిపోయిన బాగ్దీ కులపు యువతి గురించి. దానికి ఆధారం ఆమె బంధువుల వాంగ్మూలాల తునకలే. అధికారులకు అది ఒక నేరం. గుహా చదివినప్పుడు అది ఆడవాళ్లు ఒకరికొకరు నిలబడిన ఒక కుటుంబ దుఃఖం. అదే కాగితం, చదివిన కన్ను వేరు. దక్షిణ బీహార్‌లో అప్పుతో కట్టుబడిన కమియాలపై 1990లో జ్ఞాన్ ప్రకాశ్ రాసిన పుస్తకం ఆ మనుషుల మౌఖిక సంప్రదాయాన్నీ వలస పాలన దస్త్రాలనూ కలిపి చదివింది. తెలంగాణ భగేలాలకు అతి దగ్గరి పోలిక కమియాలే. వారికి సాధ్యమైనది వీరికి ఎందుకు సాధ్యం కాదో ఈ వాదం చేసేవారు చెప్పవలసి ఉంది.

ఆదిలాబాద్ సంగతి తీసుకుంటే ఈ వాదం మరీ బలహీనం. 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నడిపిన కొమురం భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌ను గోండుల పరిస్థితి పరిశీలించమని పంపింది. ఆయన నివేదికలు 1945లో ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో, నిజాం ప్రభుత్వంలో పనిచేసిన డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ ముందుమాటతో వెలువడ్డాయి, గ్రిగ్సన్ స్వయంగా రాసిన ‘ది ఛాలెంజ్ ఆఫ్ బ్యాక్‌వర్డ్‌నెస్’ 1947లో వచ్చింది. భూమి చేజారడం, అటవీ సిబ్బంది పీడన, షావుకారు అప్పు ఆ పేజీల్లో ఊళ్ల పేర్లతో ఉన్నాయి. హైమెన్‌డార్ఫ్ సర్కారు పనిలో ఉన్నవాడే. గోండు సమాజాన్ని చెడని పాత లోకంగా చూసే మోజు ఆయనకుంది. తిరుగుబాటును రాజకీయంగా గాక పాలనా లోపంగా చూశాడు. ఈ మూడు మచ్చలూ తెలుసుకుని చదివితే ఆ నివేదికలు మరింత పనికొస్తాయి. లండన్‌లోని సోయాస్ సంస్థలో ఆయన కాగితాలు, ఛాయాచిత్రాలు భద్రంగా ఉన్నాయి. ఆదిలాబాద్ నుంచి ఎంతమంది వాటిని చూడబోయారో ఆలోచించుకోవలసిన విషయం.

మరొక సంగతిని ఈ వాదం పూర్తిగా మరిచింది. వెట్టిని ఎదిరించినవాళ్లు సర్కారు కాగితాన్ని తోసిపుచ్చలేదు, ఆయుధంగా పట్టుకున్నారు. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం, తర్వాత దాని నుంచి ఎదిగిన ఆంధ్ర మహాసభ, వెట్టి విషయంలో సర్కారు జారీ చేసిన ఉత్తర్వులను ప్రజలకు తెలియజెప్పడం తమ పనిగా పెట్టుకున్నాయి. మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన మహాసభ నాలుగో సమావేశం 1935లో కరీంనగర్ జిల్లా సిరిసిల్లలోనే జరిగింది. అమలు కాని ఉత్తర్వును చేతబట్టి అమలు చేయమని అడిగిన ఆ తరం, దఫ్తరు ఎవరిదైనా అందులోని మాట ఎవరికి పనికొస్తుందన్నదే ప్రశ్న అని గ్రహించింది. వెట్టిని ఆపమని ఒకే ఉత్తర్వు మళ్లీ మళ్లీ వస్తే, ప్రతి పునరుక్తీ మొదటిది అమలు కాలేదని సర్కారే ఒప్పుకున్నట్టు. అలాంటి ఒప్పుకోలు ఏ పాటలోనూ దొరకదు.

4. అరువు తెచ్చుకున్న నిరాశ

ఈ మధ్య ఈ పాత అభిప్రాయానికి కొత్త సిద్ధాంతపు తొడుగు దొరికింది. అట్లాంటిక్ బానిసత్వంపై రాసిన సాదియా హార్ట్‌మన్, మరీసా ఫ్యుయెంటెస్ వంటి పరిశోధకులు ఆర్కైవ్ స్వయంగా హింసాస్థలమని, బానిస స్త్రీ అందులో దెబ్బగానో ధరగానో శవంగానో మాత్రమే కనిపిస్తుందని చెప్పారు. దాన్ని ఇక్కడికి తెచ్చి, చూశారా, ఆర్కైవ్ పనికిరాదని వాళ్లే అన్నారంటున్నారు. వాళ్లు అన్నది అది కాదు. హార్ట్‌మన్ 2008లో రాసిన ప్రసిద్ధ వ్యాసం 1792లో ఒక బానిస ఓడ కెప్టెన్‌పై జరిగిన హత్యావిచారణ కాగితాల చుట్టూ నడుస్తుంది. ఫ్యుయెంటెస్ 2016 పుస్తకం బార్బడోస్‌లో పారిపోయినవారి ప్రకటనలు, వీలునామాలు, కోర్టు కాగితాలు తిరగేసి రాసినది. ఆర్కైవ్ హింసను వాళ్లు తలుపు బయట నిలబడి కనిపెట్టలేదు. ఏళ్ల తరబడి కాగితాల మధ్య కూర్చుని సంపాదించుకున్న నిరాశను, ఒక్క కట్ట విప్పకుండా అరువు తెచ్చుకోవడం న్యాయం కాదు.

పోలికలో ఉన్న తేడాను కూడా దాచకూడదు. బ్రిటిష్ కరీబియన్ దీవుల్లో 1813-34 మధ్య బానిసల రిజిస్టర్లు రాశారు. 1833 చట్టం యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది, బానిసలకు ఏమీ ఇవ్వలేదు. ఆ పరిహారపు లెక్కల్లోంచే ఇవాళ అక్కడి కుటుంబాలు తమ వాళ్లను వెతుక్కుంటున్నాయి. భారతదేశంలో ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు 1843 ఐదో చట్టం బానిసత్వానికి కోర్టుల గుర్తింపును తీసేసింది గాని బానిసల జాబితా రాయలేదు. నిజాం రాజ్యం కంపెనీ ఏలుబడి కాదు గనుక ఆ చట్టం కూడా ఇక్కడికి రాలేదు. కాబట్టి కరీంనగర్‌కు ఒక విముక్తి దినం లేదు, ఒక రిజిస్టరు లేదు. దీన్నిబట్టి తేలేది ఆధారం లేదని కాదు, ఆధారం ఒకచోట కుప్పగా లేదని. చెదిరిన ఆధారానికి ఎక్కువ శ్రమ కావాలి. తక్కువ శ్రమ చాలునన్న సలహా దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది.

5. జ్ఞాపకం మోయలేని బరువు

మౌఖిక చరిత్రను తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన అవమానం ఏ మిసల్‌లోనూ ఉండదు. అది చెప్పగలిగింది పడినవాడే. కాని జ్ఞాపకం ఒక్కటే చాలునన్నవారు దానికి నాలుగు పనులు అప్పగించారు, అందులో మూడు అది చేయలేదు. ఏ ఏడాది, ఎంత అప్పు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి అన్నవి రెండు తరాలు దాటాక జ్ఞాపకంలో కరిగిపోతాయి. 1948లో ఇరవై ఏళ్ల మనిషి ఇవాళ వందకు చేరువలో ఉంటాడు. ఇప్పుడు చెబుతున్నవారిలో ఎక్కువమంది తాము విన్నది చెబుతున్నారు.

జ్ఞాపకం కూడా అధికారానికి అతీతమైనది కాదు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటం, 1978లో రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర, ఆ తర్వాతి ఉద్యమాలు వెట్టి గురించి మాట్లాడే భాషనే మార్చాయి; ఉద్యమం ఇచ్చిన మాటల్లోనే పాత అనుభవం ఇవాళ గుర్తుకొస్తుంది. అది అబద్ధం కాదు, కాని 1920ల నాటి మనిషి తన స్థితిని అప్పుడెలా అర్థం చేసుకున్నాడన్నదానికి అది జవాబు కాదు. ఎదిరించి నిలిచిన ఊరు పాటల్లో బతికింది. ఎదిరించకుండా, రాత్రికి రాత్రి బెల్లంపల్లి బొగ్గు గనులకో సిర్పూర్ కాగితం మిల్లుకో నడిచిపోయిన మనిషిని ఏ పాటా మోయలేదు. కొత్త పనిలో చేరేటప్పుడు పేరు, తండ్రి పేరు, సొంత ఊరు చెప్పి రాయించుకున్నాడేమో గాని పాట కట్టించుకోలేదు.

ఆడబాపల విషయంలో జ్ఞాపకం దాదాపు తలుపు మూసుకుంటుంది. వారి సంతానం ఆ పుట్టుకను పరువు కోసం దాచుకుంది. దొర కుటుంబాలు తమ కారణాలతో దాచాయి. ఇరుపక్షాలూ మౌనంగా ఉన్నచోట పక్షపాతంతో రాసిన ఖర్చు పద్దు ఒక్కటే మిగిలిన సాక్షి. ఇక్కడ పరిశోధకుడి బాధ్యత రెట్టింపు: బతికున్న కుటుంబాల పేర్లు వారి అనుమతి లేకుండా అచ్చు వేయకూడదు. ఆ జాగ్రత్త వెతకడం మానేయడానికి సాకు కారాదు.

6. ఈ వాదం చివరికి ఎవరి చేతికి చేరుతుంది

ఇంతవరకు చెప్పినవి తర్కదోషాలు. అంతకన్నా తీవ్రమైనవి దాని పర్యవసానాలు. ‘పేదవాడికి రికార్డు ఉండదు’ అని చరిత్రకారుడు సానుభూతితో అన్న మాటనే ‘రికార్డు లేదు గనుక ఇక్కడ వెట్టి లేదు’ అని అధికారి నిరాకరణగా అంటాడు. మాట ఒకటే, నోళ్లు రెండు.

1975 అక్టోబరు 25న అమల్లోకి వచ్చి 1976లో చట్టమైన వెట్టిచాకిరి నిర్మూలన శాసనం తాను రద్దు చేసే పద్ధతుల జాబితాలో భగేలా, జీతం, పాలేరు, వెట్టి పేర్లను స్పష్టంగా చేర్చింది. ఆ తర్వాత రెండేళ్లకే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అక్కడ కూలీలు, రైతులు లేవనెత్తిన కోరికల్లో వెట్టి రద్దు ముందువరుసలో ఉంది. చట్టం పుస్తకంలో చచ్చిపోయిన వెట్టి ఊళ్లలో బతికే ఉందనడానికి ఇంతకన్నా గట్టి ప్రభుత్వ సాక్ష్యం అక్కర్లేదు. 1978-79లో గాంధీ శాంతి ప్రతిష్ఠానం, జాతీయ కార్మిక సంస్థ కలిసి ఆంధ్రప్రదేశ్‌తో సహా 10 రాష్ట్రాల్లో జరిపిన సర్వే దాదాపు 26 లక్షల మంది వెట్టి కార్మికులున్నారని అంచనా వేసింది. వెట్టి కార్మికుల విడుదల కోసం బంధువా ముక్తి మోర్చా సంస్థ వేసిన కేసులో హర్యానా ప్రభుత్వం, బలవంతపు పని జరిగినా అప్పు రుజువు కానిదే ఆ పనివాళ్లను వెట్టి కార్మికులనలేమని వాదించినప్పుడు సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. బలవంతపు పని కనిపిస్తే దాని వెనుక అప్పు ఉందనే భావించాలని చెప్పింది. రికార్డు లేదన్న మాట పీడితుడికి ఎంత ప్రమాదమో న్యాయస్థానం గుర్తించింది. చరిత్ర రాసేవారు ఇంకా గుర్తించవలసి ఉంది.

రెండో పర్యవసానం కళ్లముందే జరుగుతోంది. పటేల్, పట్వారీ ఉద్యోగాలు వంశపారంపర్యం గనుక ఊరి కాగితాలు తరాల తరబడి ఆ ఇళ్లలోనే ఉండేవి. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. 2016లో జిల్లాల విభజనతో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, కొమురం భీం ఆసిఫాబాద్ వంటి ముక్కలయ్యాయి. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయి, వారి దగ్గరి రికార్డులను ఉన్నపళంగా అప్పగించమన్నారు. ఇలాంటి ప్రతి మలుపులోనూ భూమి హక్కుకు పనికొచ్చే కాగితాన్ని జాగ్రత్త చేసేవారు ఉంటారు, ఎందుకంటే దాని వెనుక ఆస్తి ఉంది. జీతగాడి అప్పు పద్దును, వెట్టి వంతుల జాబితాను జాగ్రత్త చేయమని అడిగేవారు ఉండరు, ఎందుకంటే అలాంటివి లేనే లేవని పండితులే చెప్పి ఉన్నారు. లేదన్న నమ్మకం ఉన్నదాన్ని పోగొట్టే స్థితి ఇది.

చేయవలసిన పని కొత్తదీ కాదు, అసాధ్యమైనదీ కాదు. ఉత్తర తెలంగాణలో చరిత్ర చదివే విద్యార్థికి ఉర్దూ దఫ్తరు రాత నేర్పాలి. ఆదిలాబాద్ వైపు పనిచేసేవారికి మరాఠీ మోడీ లిపి కూడా నేర్పాలి. పాత పటేల్ పట్వారీ ఇళ్లలో అటకల మీదున్న కట్టలను కొనకుండా, తీసుకెళ్లకుండా, అక్కడే ఛాయాచిత్రాలు తీసి తిరిగి ఇచ్చే పద్ధతిలో సేకరించాలి. ఎలగందల, సిర్పూర్-తాండూర్ పేర్లతో ఉన్న రెవెన్యూ, పోలీసు, అడవుల కట్టలకు మనుషుల పేర్లతో, ఊళ్ల పేర్లతో సూచిక తయారు చేయాలి. కాగితంలో దొరికిన పేరును ఆ ఊరికి తీసుకెళ్లి ముసలివాళ్లను అడగాలి, వాళ్లు చెప్పినదాన్ని మళ్లీ కాగితంతో సరిచూడాలి.

1976 చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఒక అప్పు వెట్టి అప్పు అని కార్మికుడు అంటే, కాదని రుజువు చేయవలసిన భారం అప్పిచ్చినవాడిది. చరిత్ర రచన కూడా ఇదే నియమాన్ని ఒప్పుకోవాలి. దఫ్తరులో వెట్టివాడు లేడని ఇకముందు చెప్పేవారు ఏ శాఖది, ఏ ఫస్లీది, ఏ కట్ట విప్పి చూసి ఆ మాట అంటున్నారో ముందు చెప్పాలి.